గంధం పూసిన మేకతోళ్ళు

మదనపల్లెలో డిగ్రీ చదివే ఆ రోజుల్లో నాకు పరీక్షలంటే భయం లేదు, లెక్చరర్లంటే భయం లేదు, ఒక్క వాసనంటేనే చచ్చేంత భయం. మా నాయన తోళ్ళ వ్యాపారి. పుంగనూరు చుట్టుపక్కల మటన్ కొట్లలో మేకతోళ్ళు కొని, ఇంటి వెనక రేకుల షెడ్డులో ఉప్పు పట్టించి, వారానికొకసారి తన లగేజీ ఆటోలో కుప్పం తీసుకుపోయి, తమిళనాడు నుంచి వచ్చే సాయిబు లారీకి ఎక్కించేవాడు. ఆ షెడ్డు పక్కనే మా బట్టలారేసే తీగ. ఇంక నా అవస్థ ఏమని చెప్పను! బస్సులో నా పక్క సీటు ఖాళీగా కనిపిస్తే చాలు, నావల్లేనేమో అని చున్నీ వాసన చూసుకునేదాన్ని. క్లాసులో మాత్రం నా దర్జాకు తక్కువ లేదు. "మా నాయనది లెదర్ ఎక్స్‌పోర్టు" అని కోతలు కోసేదాన్ని. (కుప్పం దాటితే పక్క రాష్ట్రమే కాబట్టి ఎక్స్‌పోర్టు అనడంలో అబద్ధం లేదని నాకు నేనే సర్టిఫికెట్ ఇచ్చుకున్నాను.)

ఆ కోతలన్నీ నమ్మిందని నేననుకున్న స్నేహితురాలు ఒకతి ఉండేది. దానిది కుప్పం దగ్గర పల్లె. ఒకసారి సెలవులకు పోదామంటే కుప్పం వైపు బస్సులు లేవు. "మీ నాయన రేపు కుప్పం పోతాండాడు కదా, నన్నూ తోడకపొమ్మనవే. పుంగనూరు బస్టాండు కాడ ఎక్కుతా" అంది. సరేనన్నాను. ఆ సాయంత్రం గంధం వాసనొచ్చే పౌడరు డబ్బాలు నాలుగు కొనుక్కొచ్చి, నాయన కట్టలు కట్టకముందే తోలు తోలుకూ దండిగా చల్లాను. ఉప్పూ తెలుపే, పౌడరూ తెలుపే, ఎవరికి తెలుస్తుంది? అది చాలదన్నట్టు, కట్టలు కట్టాక వాటి మీద జాతరలో కొన్న గంధం అత్తరు బుడ్డి మొత్తం ఒంపేశాను. ఇరవై ఏళ్ళుగా తోళ్ళలో తిరిగిన మా నాయన ముక్కుకి మల్లెపూవూ మేకతోలూ ఒకటే. పొద్దున ఎప్పటిలాగే కట్టలెత్తి ఆటోలో వేసుకున్నాడు. దాన్ని దిగబెట్టి వస్తానని నేనూ ఎక్కాను.

నిజంగానే కంపు రాలేదు. స్నేహితురాలు నా పక్కన కూర్చుని, "ఏమే, ఎనకాల పెండ్లికూతురేమన్నా ఉండాదా?" అంది. నేను గర్వంగా నవ్వాను. ఆ నవ్వు అడవి చెక్‌పోస్టు దాకానే. దొంగతనంగా గంధం చెక్కలు తరలించే వాళ్ళ కోసమే అక్కడ బండ్లు ఆపుతారన్న సంగతి నా తెలివైన బుర్రకు తట్టలేదు. మామూలుగా మా బండిని చూస్తే గార్డు ముక్కు మూసుకుని, "పోప్పా, బిరీన పో" అని చెయ్యి ఊపేవాడట. ఆ రోజు ఆ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"ఆగప్పా! ఏంది, ఈ పొద్దు గంధం వాసనొస్తాండాది?"

"గంధమేంది సార్? తోళ్ళు గదా," అన్నాడు నాయన.

"ఇన్నేండ్లుగా నీ తోళ్ళు సూస్తాండా. తోలు తోలు మాదిరి కంపు కొట్టాల. లోపల చెక్కలు పెట్టినావా? ఆఫీసరొచ్చేదాకా బండి కదిలేది లేదు."

"నా బిడ్డ మీద ఒట్టు సార్, ఉప్పు తప్ప ఇంకేం లేదు!"

ఆ బిడ్డను నేనే. నోరు విప్పితే స్నేహితురాలి ముందు పరువు పోతుంది, విప్పకపోతే నాయన గంధం దొంగవుతాడు. ఆయన చేతులు జోడించడం చూసి ఇంక ఆగలేకపోయాను.

"నేనే పూసినా సార్. పౌడరు. అత్తరు కూడా."

"మేకతోళ్ళకి పౌడరు యాల పాపా?"

"కంపు కొడతాదని... మాది ఈ పచ్చితోళ్ళ వ్యాపారమని దీనికి తెలీకూడదని."

గార్డు నమ్మలేదు. ఒక కట్ట విప్పి తోలు దులిపాడు. గుప్పున లేచిన పౌడరు ఆయన మీసాలనూ టోపీనీ తెల్లగా చేసేసింది. వరసగా మూడు తుమ్ములు తుమ్మాడు. అంతలో గంధం కిందనుంచి అసలు వాసన లేచింది. "అబ్బా! తోలే, తోలే! పోండప్పా!" అంటూ అంత దూరం పరిగెత్తాడు.

ఆటో కదిలాక నేను తలెత్తలేదు. స్నేహితురాలే నన్ను మోచేత్తో పొడిచింది. "నాకు మొదటి సంవత్సరం నుంచే తెలుసు లేయే. నీ చున్నీ చెప్తానే ఉండె గదా."

"మరి అడగలేదేమే?"

"నువ్వు అంత ఇదిగా చెప్పుకుంటాంటే యాల అడ్డం పడేదని."

అది దిగిపోయాక నాయన తిడతాడనుకున్నాను. ఆయన మాత్రం, "మేకలకి పౌడరు బాగనే ఉండాది మే. ఈసారి కాటిక కూడా పెట్టు" అని పకపకా నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. కానీ మరుసటి రోజు లేచి చూస్తే మా బట్టల తీగ ఇంటి ముందుకు మారి ఉంది. దాని కింద నిలబడి ఏడ్చాను.

ఇప్పుడు నాకు బెంగళూరులో ఉద్యోగం. నాయన వ్యాపారం మానేశాడు, ఆ షెడ్డులో రెండు పాడి ఆవులున్నాయి. నేను వస్తున్నానంటే చాలు, ఆయన గంధం సబ్బుతో ఒళ్ళు రుద్దుకుని వాకిట్లో కూర్చుంటాడు. పక్కన కూర్చుని రెండు మాటలు మాట్లాడి, మెల్లగా షెడ్డులోకి పోతాను. అక్కడ మేకుకు ఆయన తోళ్ళు మోసిన నాటి పాత తువ్వాలు వేలాడుతుంటుంది (ఉతకొద్దని అమ్మకు గట్టిగా చెప్పి పెట్టాను). దాన్ని ముఖానికి అదుముకుని గట్టిగా ఊపిరి పీల్చుకుంటాను.

"ఏం సేస్తాండావు మే ఆడ? కంపు కొడతాది, రా ఈడికి!" అని కేకేస్తాడు నాయన.

"ఇంకొంచెం సేపు నాయనా," అంటాను.