డిక్కీ కింద అతుకు

పాత కారు కొనబోయేవాళ్లు ముందుగా అయస్కాంతం మేస్త్రిని వెతుక్కుంటూ వచ్చేవారు. ముప్పై ఏళ్లకు పైగా షెడ్డులో కార్ల సొట్టలు తీసి, రేకులు అతికి, నడుం పట్టేశాక ఆయన ఆ పని మానేశాడు. జేబులో చిన్న అయస్కాంతం, చేతిలో టార్చి, అంతే ఆయన సరంజామా. అయస్కాంతం అంటుకుంటే లోపల రేకు ఉన్నట్టు, జారిపోతే రంగు కింద పుట్టీ ఉన్నట్టు. ఆయన మాట మాత్రం ఎవరికీ రుచించేది కాదు. బాగుందని అనిపించుకోవడానికి పిలుస్తారు తప్ప, బాగుందో లేదో తెలుసుకోవడానికి ఒక్కడూ పిలవడని భార్య దగ్గర విసుక్కునేవాడు.

ఈసారి పిలిచింది ఆవిడ తమ్ముడే. ఇరవై రెండేళ్లు కళ్లజోళ్ల దుకాణం నడిపి, జనం చూపు సరిచేసి, ఈమధ్యే దాన్ని అమ్మేశాడు. చేతిలో డబ్బు పడగానే ఒక పాత కారు మీద మనసు పారేసుకున్నాడు.

కారు ఒక గోడౌనులో ఉంది. ముదురాకుపచ్చ రంగు, పొడుగాటి ముక్కు, రెండే తలుపులు. ఈ రకం మొత్తం ఏడే తయారయ్యాయని బ్రోకరు అప్పటికి నాలుగుసార్లు చెప్పాడు. మేస్త్రి ఆ మాట చెవిన పెట్టకుండా బానెట్ ఎత్తించాడు. ఇంజను నంబరు ఎవరూ ముట్టుకోలేదు. డాష్‌బోర్డు చెక్క అసలుదే. సీటు తోలు పగుళ్లిచ్చినా ఎక్కడా మార్చలేదు. తలుపు వేస్తే మెత్తగా టక్కుమంది. ఆ చప్పుడుకి ఆయన మనసు కూడా కాస్త జారింది. బావమరిది వంక చూసి తలూపాడు కూడా.

కారు వెనక భాగానికి వచ్చేసరికి, తలుపు దాటాక ఒకచోట అయస్కాంతం జారి కింద పడింది. మేస్త్రి డిక్కీ తెరిచి, అడుగున పరిచిన పట్టా లాగి, టార్చి వేశాడు. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒక వెల్డింగ్ అతుకు ఉంది. అతుకు ఆగిన ప్రతిచోటా చివర వెనక్కి తిరిగిన చిన్న కొక్కెం. అలా చెయ్యి విదిలించి ఆపే అలవాటు తను పనిచేసిన షెడ్డులో ఒక్కరికే ఉండేది, తనకే. అప్పుడు తనకు ఇరవై నాలుగేళ్లు. వెనక నుంచి లారీ గుద్దిన కారొకటి వచ్చింది. దాని వెనక సగం కోసేసి, అదే కంపెనీ మామూలు కారు సగం తెచ్చి అతకమన్నాడు షెడ్డు యజమాని. సొంతదారు వాడుకోవడానికేనని, అమ్మడానికి కాదని అన్నాడు. పని చూసి భుజం తట్టాడు. ఆ రోజు తను ఎంత పొంగిపోయాడో మేస్త్రికి ఇప్పుడు గుర్తొచ్చి ఒళ్లు మండింది.

బావమరిదిని బయటికి తీసుకెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఇది ఒక కారు కాదు, రెండు సగాలు. అడుగుతున్న ధరలో పావు వంతు ఇచ్చినా ఎక్కువే.

అంతా విని బావమరిది మొహం విప్పారింది. "నువ్వు అతికిందేనా? అయితే ఇంకేం బావా, గట్టిగానే ఉంటుందిగా."

"గట్టిగా ఉండటం వేరు, అసలుది కావడం వేరురా. నీకు ఎన్నిసార్లు చెప్పాలి?"

"నాకో మంచి వస్తువు ఉండటం నీకు ఇష్టం లేదు. అది చెప్పు."

సాయంత్రానికి కారు కొనేశాడు. ఇంటికొచ్చి మేస్త్రి గిన్నెలు అదిరేలా అరిచాడు. భార్య నింపాదిగా, "అప్పుడు మీరు అతక్కుండా ఉండాల్సింది," అంది. 

రెండు నెలలకు పాత కార్ల ప్రదర్శన జరిగింది. న్యాయనిర్ణేతలు పట్టా ఎత్తి చూసి, పోటీకి పనికిరాదని రాసిచ్చారు. బావమరిది ఆ కాగితం పట్టుకుని నేరుగా మేస్త్రి ఇంటికొచ్చాడు. కారు అమ్మేస్తానన్నాడు. అంతా అసలుదేనని నువ్వో ముక్క రాసిస్తే కొనేవాళ్లు నమ్ముతారన్నాడు.

"అప్పుడు తెలియక చేశాను. తెలిసి మాత్రం చెయ్యను," అన్నాడు మేస్త్రి.

తొమ్మిది నెలలు మాటల్లేవు. ఆ తర్వాత ఒక ఉదయం కారు వచ్చి వాకిట్లో ఆగింది. మలుపు తిప్పినప్పుడల్లా వెనక కిర్రుమంటోందట. మేస్త్రి నడుం పట్టుకుని కిందికి దూరాడు. అతుకు పొడవునా వెంట్రుకంత చీలిక కనిపించింది. ఇన్నాళ్లూ అందులో మీ అక్కని కూడా తిప్పావు కదరా అంటూ లోపల్నించే తిట్టడం మొదలుపెట్టాడు. బావమరిది ఆ తిట్లన్నీ విని, రంగు పాడవకుండా బాగుచేయగలవా అని అడిగాడు.

నడుం పనికిరాకపోయినా మేస్త్రి ఈ పని ఇంకొకరికి వదల్లేదు. పదకొండు రోజులు పట్టింది. పాత అతుకు కోసి, దళసరి రేకు పలకలు వేసి, పట్టా ఎత్తిన ఎవరికైనా కనపడేలా ఎర్ర పూత పూసి వదిలాడు. కొనేవాళ్లకు ముందుగా ఇది చూపించమన్నాడు. బావమరిది బుద్ధిగా తలూపి వెళ్లి, మర్నాడే పట్టాని గమ్ముతో అంటించేశాడు.

కారు ఇంకా అమ్ముడుపోలేదు. ఆదివారాలు అతను అక్కని ఎక్కించుకుని ఊరంతా తిప్పుతాడు. ఆవిడకి ఆ కారంటే ఇష్టం. మేస్త్రిని రమ్మంటే, పనుందని చెప్పి బస్సెక్కుతాడు.