మా పిన్ని విన్న కొత్త ముగింపు

మా చిన్నప్పుడు గవర్నర్‌పేట ఇంట్లో మధ్యాహ్నం భోజనాలయ్యాక వసారాలో నవారు మంచం వాల్చేవాళ్లు... అమ్మ చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతుంటే, పిన్ని మంచం మీద కూర్చుని నవల చదివి వినిపించేది.

పిన్ని అంటే అమ్మకి చెల్లెలు, సరోజిని. ఆ ఏడాది ఓ ట్రంకు పెట్టెతో వచ్చి మా ఇంట్లోనే ఉండిపోయింది. ఎందుకొచ్చిందో నాకెవరూ చెప్పలేదు... వచ్చిన రోజు చెంప కమిలి ఉండటం మాత్రం చూశాను.

ఆ నవల అమ్మమ్మ కాలం నాటిది. పేరెందుకులెండి. అందులో ఒకావిడ మొగుడి దెబ్బలు పడలేక ఇల్లు వదిలి, చదువుకుని టీచరవుతుంది. చివరికి ఆయనొచ్చి బతిమాలతాడు. ఆవిడ కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, రానని చెప్పి పంపించేస్తుంది. అంతే...

ఆ చివరి పేజీ దగ్గర పిన్ని ఇక చదవలేక పుస్తకం పక్కన పెట్టేసింది. అమ్మకి చదువు అంతంతమాత్రం. అందుకే అమ్మ ఆ పుస్తకం తీసి నా ఒళ్లో పెట్టి, "నువ్వు చదవవే" అంది. నాలుగో తరగతి నాది... కూడబలుక్కుంటూ చదివాను. అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకటే ఏడుపు.

నెల తిరక్కుండానే బాబాయి ఇద్దరు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు.

"ఆడదన్నాక సర్దుకుపోవాలమ్మా" అన్నారు వాళ్లు.

పిన్ని తలుపు పట్టుకుని నిలబడింది. "నేను రానండి" అంది. అంత చిన్న మాటకి బాబాయి మొహం మాడిపోవడం నాకింకా గుర్తుంది. ఆ తర్వాత పిన్ని ట్రైనింగ్ పూర్తిచేసి, మంగళగిరిలో టీచరుగా ముప్ఫయ్యేళ్లు పనిచేసింది.

మొన్న పుస్తకాల ప్రదర్శనలో ఆ నవల పేరు కనబడింది... నిగనిగలాడే అట్ట, 'నేటి తరం కోసం సరికొత్తగా' అని కింద ఇంకో రచయిత పేరు. పిన్నికి ఇప్పుడు అక్షరాలు ఆనడం లేదు. నేనే చదివి వినిపిద్దామని సంబరంగా కొన్నాను.

పిన్ని పక్కన కూర్చుని చదువుతుంటే, కథలో ఆవిడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి అయింది. సరే, కాలం మారింది కదా అనుకున్నాను... కానీ ఆ మొగుడికి చిన్నప్పటి గాయాలట! కొట్టింది ప్రేమ ఎక్కువయ్యేనట! చివర్లో కాఫీ షాపులో ఆయన ఏడిస్తే, ఈవిడ కళ్లు తుడిచి, సూట్‌కేసు సర్దుకుని వెంట వెళ్లిపోతుంది.

పాచిపోయిన పప్పు నోట్లో పెట్టుకున్నట్టయింది నాకు.

పిన్ని మెల్లగా, "మళ్లీ ఆ ఇంటికే పంపాడా దాన్ని?" అంది.

"అవును పిన్నీ..."

"ఛీ! అవతల పడెయ్యవే."

మర్నాడు ఆ స్టాలుకే వెళ్లాను. రచయిత కూర్చుని సంతకాలు పెడుతున్నాడు.

"ముగింపు ఎందుకు మార్చారండీ?"

"ఇప్పటివాళ్లకి పాజిటివ్‌గా ఉండాలి మేడమ్. అంత చేదు ఎవరు చదువుతారు చెప్పండి?"

"దెబ్బలు తిన్న చోటికే తిరిగెళ్లడం పాజిటివా అండీ?"

ఆయన నవ్వి, నా వెనకాలున్న అమ్మాయి పుస్తకం అందుకున్నాడు. కాలేజీ పిల్ల... ఎంతో ఇష్టంగా ఆ అట్ట నిమురుకుంటోంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ పిల్లకి ఇద్దామని పాత నవల కోసం స్టాళ్లన్నీ తిరిగాను. ఎక్కడా లేదు. తిరిగొచ్చేసరికి ఆ పిల్లా లేదు...

ఒకప్పుడు ఆ నవల చదివి మనిషి మళ్లీ ఆ గడప తొక్కలేదు... ఇప్పుడు అదే పేరుతో మళ్లీ లోపలికి తోసి గడియ పెడుతున్నారు. మీ ఇంట్లో ఎవరికైనా అలా దారి చూపించిన పుస్తకం ఉంటే, దాని అసలు ముగింపు ఇక్కడ రాయండి... ఎవరో ఒకరు గుర్తుపెట్టుకోవాలి కదా.