టావెర్న్ కిటికీలో పలక

ఆవిడ పోయిందన్న మెసేజ్ వచ్చేసరికి నేను పెసరట్టు తింటున్నాను. ఆదివారం ఉదయం. ఫోన్ చూసి, ప్లేటు పక్కకి జరిపి ఏడ్చాను. అమ్మ స్టవ్ ఆపి, చేతులు తుడుచుకుంటూ వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"ఎవడే వాడు?" అంది.

మా ఇంట్లో నన్ను అపార్థం చేసుకోవడానికి నేను పెద్దగా ఏమీ చెయ్యక్కర్లేదు. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంటే ఎవరో ఏదో అన్నారన్నమాట. ఉద్యోగం విసుగ్గా ఉందంటే మేనేజర్‌తో గొడవన్నమాట. ఇరవై ఆరేళ్ళ పిల్ల ఏ పనీ ఊరికే చెయ్యదనీ, ప్రతిదాని వెనకా ఎవడో ఒకడు ఉంటాడనీ అమ్మ నమ్మకం.

"ఎవడూ కాదమ్మా. స్టేషన్ ఎదురుగా టావెర్న్ నడిపే పెద్దావిడ. నిద్రలోనే పోయిందట."

"టావెర్న్ అంటే?"

"బార్," అన్నారు నాన్న, టీవీ మీంచి చూపు తిప్పకుండా.

కూతురు ఎవడినో ప్రేమించడం, కూతురు తాగడం, ఈ రెండింట్లో ఏది నయమో అమ్మ బేరీజు వేసుకుంటోందని మొహంలో తెలుస్తోంది. చివరికి, "ఎన్నాళ్ళ నుంచి?" అంది.

నేపర్‌విల్‌లో ఉన్న మీలో చాలామందికి మా అమ్మ తెలుసు. కాబట్టి ఈపాటికి ఏదో ఒక కథ మీ దాకా వచ్చే ఉంటుంది. నేను తాగను. మూడేళ్ళుగా వారానికి రెండు మూడు సాయంత్రాలు ఆ టావెర్న్‌లో కూర్చున్న మాట మాత్రం నిజం. ఆవిడ గురించి నాలుగు మాటలు రాయాలని ఉంది.

నేను చికాగోలో ఒక సర్వే కంపెనీలో పని చేస్తాను. జనం ఏ షాంపూ ఎందుకు కొంటారో ప్రశ్నలు తయారు చెయ్యడం నా పని. నేపర్‌విల్ నుంచి రోజూ రైల్లోనే రాకపోకలు. మొదటి చలికాలంలో ఒక సాయంత్రం సిగ్నల్స్ పాడై, మా ఊరికి మూడు స్టేషన్ల ముందే అందరినీ దింపేశారు. నాన్నకి ఫోన్ చేస్తే నలభై నిమిషాలు పడుతుందన్నారు. స్టేషన్ గదికి తాళం. రోడ్డుకి అవతల వెలుగుతున్నది ఒక్క కిటికీయే. వెళ్ళాను.

లోపల కప్పు చేతికందేంత కిందకి ఉంది. పొడుగాటి చెక్క కౌంటరు. టీవీ ఉంది గానీ దాని మీద పువ్వుల టేబుల్‌క్లాత్ కప్పి ఉంది. ఐదారుగురు ముసలివాళ్ళు ఒక్కసారిగా తలలు తిప్పి నన్ను చూశారు. నేనూ చూశాను. తలుపుకి దగ్గరగా ఉన్న స్టూలు మీద, కోటు విప్పకుండా కూర్చుని జింజర్ ఏల్, అదే అల్లం సోడా, అడిగాను. కౌంటరు వెనక, తెల్లజుట్టు ముడేసుకుని, మగవాళ్ళ చొక్కా తొడుక్కున్న పెద్దావిడ తెచ్చి పెట్టింది. పది నిమిషాలయ్యాక మళ్ళీ వచ్చి, బొటనవేలంత చిన్న గ్లాసొకటి నా ముందు బోర్లించి వెళ్ళిపోయింది.

మా ఇంట్లో భోజనాల దగ్గర గ్లాసు బోర్లిస్తే ఇంక చాలు, వడ్డించకండి అని. నాకు ఆ అర్థమే తెలుసు. అంటే, చాలు, ఇంక వెళ్ళు అంటున్నారన్నమాట. ఎందుకో ఆలోచించడానికి నాకు ఎక్కువసేపు పట్టలేదు. వాళ్ళ మొహాలు చూశాను, కౌంటరు వెనక అద్దంలో నా మొహం చూసుకున్నాను. సగం తాగిన జింజర్ ఏల్ వదిలేసి బయటికొచ్చి, నాన్న వచ్చేదాకా మంచులో నిలబడ్డాను.

మూడు వారాలు అది లోపల గీరుతూనే ఉంది. నాలుగో వారం ఆ స్టేషన్లో కావాలనే దిగాను. గొడవ పెట్టుకోవడానికే దిగాను.

"ఆ రోజు నన్ను ఎందుకు పొమ్మన్నారో చెప్పండి," అన్నాను ఇంగ్లిష్‌లో, ఆఫీసులో వాడే గొంతుతో.

"ఎవరన్నారు?"

"మీరే. గ్లాసు బోర్లించారు."

ఆవిడ నన్ను కింద నుంచి పైదాకా చూసింది. వెనక్కి తిరిగి, అరలోంచి చిన్న గ్లాసు తీసి నా ముందు మళ్ళీ బోర్లించింది. "ఇదేనా? ఇది నీదే. అప్పటి నుంచీ నీ కోసమే ఉంది. ఎవరైనా నీకో డ్రింక్ కొనిపెడితే, నువ్వు అడిగేదాకా గ్లాసు బోర్లించి ఉంచుతాం. నీ వంతు ఉందని గుర్తు. ఈయన కొన్నాడు," అంటూ మూలనున్న రిటైర్డ్ పోస్ట్‌మన్‌ని చూపించింది.

"ఎందుకు?" అన్నాను. నాకు ఊరికే వచ్చిన దేన్నీ నమ్మే అలవాటు లేదు.

"కోటు కూడా విప్పకుండా, మమ్మల్నందర్నీ దొంగల్ని చూసినట్టు చూస్తూ కూర్చున్నావు," అన్నాడాయన. "జాలేసింది."

"నేను తాగను."

"ఆ సంగతి గ్లాసుకేం తెలుసు?" అంది పెద్దావిడ, సూపు తెచ్చి పెడుతూ.

నా ఉద్యోగం ఏమిటో చెప్పినప్పటి నుంచి నా పేరు 'సర్వే'. మిగతా అందరినీ హనీ అని పిలిచేది. నన్ను మాత్రం "ఏయ్ సర్వే, కోటు విప్పు" అనేది. ఆ టావెర్న్‌లో ఆవిడ పెట్టిన రూలు ఒక్కటే: పక్కపక్కన కూర్చున్న ఇద్దరు ఒకరి పేరొకరు తెలుసుకోకుండా లేవకూడదు. ఎవరైనా ఫోన్లో మునిగిపోతే వచ్చి కౌంటరు మీద తట్టేది. "స్టూళ్ళ మధ్య మాట లేకపోతే ఇది టావెర్న్ ఎలా అవుతుంది? బస్టాప్ అవుతుంది," అనేది. టీవీ ఎందుకు కప్పేశారని అడిగితే, "ఆటల రోజు తీస్తాను. మిగతా రోజులు దానికీ విశ్రాంతి కావాలి," అంది. ఆటల రోజున కూడా తీసినట్టు నాకు గుర్తులేదు.

మెచ్చుకునేవాళ్ళని అసలు నమ్మేది కాదు. సిటీ నుంచి ఏ కుర్రజంటో వచ్చి "అబ్బ, ఎంత పాతకాలంగా ఉందో!" అంటూ ఫోటోలు తీసుకుంటుంటే నా వైపు వంగి, "వీళ్ళు రెండోసారి రారు. చూస్తూ ఉండు," అనేది. నేను చూస్తూనే ఉన్నాను. ఎవరూ రాలేదు.

అలాంటి చోట్లు ఎందుకు మూతపడుతున్నాయో నా కళ్ళ ముందే తెలిసేది. వెనక వీధిలో ఫ్యాక్టరీ మూసేశారు. లోపల కాల్చకూడదని చట్టం కాబట్టి, సిగరెట్లు కాల్చేవాళ్ళు బయట చలిలో నిలబడలేక ఇంటికే పోయారు. హైవే పక్కన పెద్ద రెస్టారెంట్లలో గోడకి నాలుగు టీవీలు. మిగిలినవాళ్ళు ఇంటి బేస్‌మెంట్లలోనే బార్లు కట్టుకున్నారు. మన అంకుల్స్‌తో సహా. రెండేళ్ళలో ఆ వీధిలో మరో రెండు టావెర్న్‌లు పోయాయి. ఒకటి డెంటిస్ట్ ఆఫీసయింది.

ఆవిడ మేనల్లుడు అరిజోనాలో ఉంటాడు. ఫోన్ చేసినప్పుడల్లా ఒక సలహా. గోడలకి ఉత్తుత్తి ఇటుకలు అంటించమన్నాడు, క్విజ్ పెట్టమన్నాడు, చికెన్ వింగ్స్‌లో ఇరవై రకాలు చెయ్యమన్నాడు. ఆవిడ విని, ఫోన్ పెట్టేసి, కౌంటరు వెనిగర్‌తో ఇంకోసారి తుడిచేది.

నాకు వేరే సంగతి కనిపించింది. సాయంత్రం ఐదూ నలభై రెండు బండి దాదాపు రోజూ లేటే. దిగేవాళ్ళ కోసం వచ్చినవాళ్ళు స్టేషన్ ముందు కార్లలో, ఇంజన్ ఆపకుండా, ఒక్కొక్కరే కూర్చుంటారు. ఒక రోజు అన్నాను: "తాగేవాళ్ళ కోసం చూడకండి. ఎదురుచూసేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. కిటికీలో ఒక పలక పెట్టి, బండి ఎంత లేటో రాయండి. లోపలికొచ్చి ఆగుతారు."

ఆవిడ తుడవడం ఆపింది. "నీకేం లాభం?"

"నాకా? ఏం లేదు."

"మీ కంపెనీ పంపిందా?"

"లేదు."

"లాభం లేకుండా ఎవరూ సలహా చెప్పరు, సర్వే."

"ఇంటికెళ్ళే తర్వాతి బండి లేటయినప్పుడు నిలబడటానికి నాకొక వెచ్చటి చోటు కావాలి. చాలా?"

దాని గురించి వారం రోజులు ఆలోచించింది. ఆ తర్వాత ఏ సామాన్ల కొట్లోంచో బడిపిల్లల నల్లపలక తెచ్చి కిటికీలో నిలబెట్టింది. రైల్వే వాళ్ళకి ఫోన్ చేసి, కనుక్కుని, తన వంకర అక్షరాలతో రాసేది. కొందరు కార్లోంచే చదువుకుని కదిలేవారు కాదు. కొందరు వచ్చారు. ఆస్పత్రిలో పనిచేసే ఇద్దరు నర్సులు, మొగుడి కోసం వచ్చే ఒక గర్భిణి, ఎప్పుడూ చెస్ బోర్డు వెంట తెచ్చుకునే ఒక కొరియన్ పెద్దాయన. వాళ్ళందరి పేర్లూ పోస్ట్‌మన్‌కి తెలుసు. టావెర్న్ నిలదొక్కుకుందని అబద్ధం చెప్పను. కానీ ఆ బండి వేళకి స్టూళ్ళు ఖాళీగా ఉండటం మాత్రం మానేశాయి.

ఆవిడ దేవతేమీ కాదు. ఒకసారి మేనల్లుడు నా ఫోన్ నంబరు ఎలాగో సంపాదించి, అత్త అమ్మే ఉద్దేశంలో ఉందా అని నన్ను ఆరా తీశాడు. నాకు తెలియదన్నాను. ఆ సంగతి నేనే ఆవిడకి చెప్పాను. "అయితే నువ్వు వాడి మనిషివా?" అంది అందరి ముందూ. రెండు వారాలు నాతో మాట్లాడలేదు. మూడో వారం నేను కూర్చోగానే, అడక్కుండానే బంగాళాదుంప సూపు వచ్చింది.

"సారీ చెబుతున్నారా?" అన్నాను.

"అనుమానపడటం నా పని. తప్పయితే సూపు పొయ్యడం కూడా నా పనే. తిను."

మా అమ్మ నోటి నుంచి కూడా ఆ మాట ఎప్పుడైనా వింటానేమోనని ఆశపడేదాన్ని.

సంతాప సభ శనివారం మధ్యాహ్నం టావెర్న్‌లోనే పెట్టారు. "నేనూ వస్తాను," అంది అమ్మ. ఓదార్చడానికి కాదని ఇద్దరికీ తెలుసు. చీర మీద దళసరి చలికోటు వేసుకుని, హ్యాండ్‌బ్యాగ్ ఒళ్ళో పట్టుకుని, తలుపుకి దగ్గరగా ఉన్న స్టూలు మీద కూర్చుంది. కోటు విప్పలేదు. వచ్చిన ప్రతి మగవాడి వయసూ లెక్కకట్టింది. అందరూ డెబ్భై దాటినవాళ్ళే కావడంతో కొంచెం నిరాశపడిందేమో కూడా.

పోస్ట్‌మన్ వచ్చి అమ్మకి నమస్కారంలాంటిదేదో చేశాడు. కౌంటరు వెనక్కి వెళ్ళి, చిన్న గ్లాసొకటి తెచ్చి అమ్మ ముందు బోర్లించాడు.

అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. "లేవే, పోదాం."

"ఏమైందమ్మా?"

"గ్లాసు బోర్లించి పెట్టారు, చూడలేదూ? మనల్ని పొమ్మంటున్నారు. ఇలాంటి చోటుకి రోజూ ఎలా వస్తున్నావే, సిగ్గులేకుండా?"

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. అదేమిటో చెప్పాను. అమ్మ నమ్మలేదు. పోస్ట్‌మన్‌ని పిలిచి, తన ఇంగ్లిష్‌లో, "వై ఫర్ మీ?" అని అడిగింది.

"మీ అమ్మాయి వాళ్ళమ్మ కదా మీరు," అన్నాడాయన, అంతకన్నా కారణం ఏం కావాలన్నట్టు.

అమ్మ గ్లాసుని నిలబెట్టలేదు, తొయ్యలేదు. కాసేపటికి కోటు పైబొత్తాం ఒకటి విప్పింది.

మేనల్లుడు కిటికీ దగ్గర ఎవరితోనో మాట్లాడుతున్నాడు. బార్లు కొని, పాతకాలం బార్లలా ముస్తాబు చేసే కంపెనీ తాలూకు మనిషట అతను. ఇద్దరూ పలక వైపు చూస్తున్నారు. ఆవిడ ఆఖరిసారి రాసింది అలాగే ఉంది: '5:42 – పదకొండు నిమిషాలు లేటు. సూపు వేడిగా ఉంది.'

"దీన్ని ఫ్రేమ్ కట్టించి, అత్త ఫోటో పక్కన పెడదాం," అన్నాడు మేనల్లుడు నన్ను చూసి. "నువ్వు నాలుగు లైన్ల చరిత్ర రాసివ్వు. మెనూ వెనకాల వేస్తాం. జనానికి ఇలాంటివి ఇష్టం."

ఆ మనిషి ఫోన్ తీసి పలకకి ఫోటో తీసుకున్నాడు. ఇతను రెండోసారి రాడు, అనుకున్నాను. నా పక్కన వంగి ఆ మాట చెప్పేవాళ్ళు లేరు.

"అమ్మకండి. నేను నడుపుతాను," అన్నాను.

మేనల్లుడు నవ్వాడు. "నువ్వు తాగవు కూడా. మీ ఇండియావాళ్ళు మోటెల్స్ కదా నడిపేది?"

"మా వాళ్ళు కంప్యూటర్లు నడుపుతారు. నేను టావెర్న్ నడుపుతాను. ఒక్క ఏడాది ఇవ్వండి."

కళ్ళు చిన్నవి చేసి చూశాడు. "నీకేం లాభం?"

మనిషి మొహంలో ఎక్కడా కనపడని అత్త పోలిక ఆ ప్రశ్నలో కనపడింది. ఆవిడకి చెప్పిన జవాబే చెప్పాను. ఆయనా వారం రోజులు ఆలోచించాడు. నిన్న ఫోన్ చేసి, "ఏడాదే," అన్నాడు.

ఆ శనివారం కార్లో తిరిగొస్తుంటే అమ్మ చాలాసేపు కిటికీలోంచి బయటికే చూసింది. మా ఊరి ఎగ్జిట్ వచ్చాక నెమ్మదిగా, "ఆ మేనల్లుడికి పెళ్ళయిందా?" అంది. ఏభై ఐదేళ్ళని చెప్పాను. అయినా సందేహం పోయినట్టు లేదు.

ఉద్యోగానికి రాజీనామా ఇచ్చాను. అమ్మకి ఇంకా చెప్పలేదు. ఇది చదివితే తెలుస్తుంది. అమ్మ గ్లాసు అరలోనే ఉంది, బోర్లించి.

సోమవారం మధ్యాహ్నం మూడింటికి తలుపు తీస్తాను. లైసెన్స్ నా పేరు మీదకి వచ్చేదాకా సూపూ, కాఫీయే. ఆవిడ ఫోటో గోడకి పెట్టను. తడిగుడ్డతో ఆ పలక తుడిచి, ఆ రోజు బండి ఎంత లేటో రాస్తాను.