నాకౌట్ దండ

బంతిపూల వాసన తగిలితే, ఎంత గట్టి బేరంలో ఉన్నా ఇప్పటికీ నా గొంతు తగ్గిపోతుంది.

నాచారంలో మా కిరాణా కొట్టు వెనకింటి దానియేలు అన్న ఫుట్‌బాల్ గోల్‌కీపర్. ఆ ఏడు దేశమంతటి జట్లు ఆడే కప్పు పోటీకి కలకత్తా వెళ్లాడు. ఆట అయ్యాక మా కొట్టుకే ఫోన్ చేశాడు.

"ఫస్ట్ మ్యాచ్‌లనే నాకౌట్, చెల్లే. వస్తున్ననని అమ్మకు జెప్పు."

ఓడిన జట్టు ఇంటికి పోవడమే నాకౌటని నాకేం తెలుసు? టీవీలో బాక్సింగ్ చూసిన తెలివితో, ఎదుటివాళ్లను పడగొట్టారనుకుని బజారంతా చాటాను. ఉప్పల్ వెళ్లి దండ కూడా నేనే బేరమాడి తెచ్చాను. సగం ధరకు వచ్చిందంటే అది నిన్నటి దండ అన్నమాట.

ఆటో దిగిన అన్న డప్పులు చూసి ఆగిపోయాడు.

"గెలిచినవంట గదరా!" అంటూ నాన్న దండ వేశాడు.

"ఎవరు జెప్పిన్రు మామ?"

"మా బిడ్డనే."

అన్న నా మొహం చూశాడు. "అవును మామ, నాకౌటే" అన్నాడు మెల్లగా. దండ తీయకుండానే ఇంటికి నడిచాడు. దారంతా రేకలు రాలాయి.

మర్నాడు ఎవరో పాత పేపర్ తెచ్చి, జట్టు ఓడిందని బజారంతా చూపించాక కూడా అన్న నన్నొక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది, బేరం అక్కడే తెగిపోయేది.