ఇసుక కడిగిన నీళ్లు

ఆదివారం పొద్దున చేపల తొట్టి అడుగున ఉన్న ఇసుకలోకి గొట్టం దించగానే గుప్పుమని ఒక వాసన వస్తుంది. కుళ్లిన కోడిగుడ్డుకీ, బందరు రేవులో ఆరేసిన వలకీ మధ్యరకం వాసన. మా ఆవిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని కొట్టు ముందుకి వెళ్లిపోతుంది. నేను అక్కడే నిలబడిపోతాను. ఆ వాసనతో పాటు ఆటోనగర్‌లో ఒక బ్యాటరీల షాపు గుర్తొస్తుంది. అందులో కూర్చున్న దానియేలు గారు గుర్తొస్తారు. ఆ వెనకే, ఇన్నేళ్లయినా తల దించుకునేలా చేసే సంగతి ఒకటి గుర్తొస్తుంది.

ముందు నా గురించి చెప్పాలి. మాది పెడన. తాతల నాటి నుంచి కలంకారీ అద్దకం. నేను బెజవాడ వచ్చి చీరల కొట్టు పెట్టుకున్నాను. ప్రతి చీరతోనూ ఒక కథ ఇస్తాను. ఈ పసుపు దానిమ్మ తొక్కతో తీసిందండీ అనేవరకు నిజం. ఆ దానిమ్మ మొక్కని మా ముత్తాత నవాబు గారి తోట గోడ దూకి, రెండు కుక్కల చేత కరిపించుకుని మరీ తెచ్చాడన్నది నా సొంత కల్పన. కుక్కలు ఒక్కోసారి మూడయ్యేవి. వినేవాళ్లు నవ్వేవారు, నేనూ నవ్వేవాణ్ణి. దాన్ని అబద్ధం అనుకోవాలని నాకెప్పుడూ తోచలేదు.

బెంజ్ సర్కిల్ దగ్గర ఒక హోటలు మూసేస్తూ ఉప్పునీటి చేపల తొట్టిని అమ్మకానికి పెడితే నేను కొన్నాను. పిల్లలు చేపల దగ్గర నిలబడిపోతే తల్లులు తీరిగ్గా చీరలు చూస్తారని నా ఎత్తు. కొట్టుకి తెచ్చాక తెలిసింది దాని అవస్థ. అద్దాల నిండా పాకుడు, అంచులమ్మట గడ్డకట్టిన ఉప్పు, అడుగున జానెడు మందాన నల్లబడ్డ ఇసుక. ఎవరిని అడిగినా, “బ్యాటరీల దానియేలు గారిని పట్టుకోండి, ఆయన ఒక్కరికే తెలుసు” అన్నారు.

ఆయనకప్పుడు అరవై దాటాయి. చొక్కా నిండా యాసిడ్ చిల్లులు. వెనక గోడకి రెండు హైడ్రోమీటర్లు వేలాడుతుండేవి: ఒకటి బ్యాటరీలో యాసిడ్ చిక్కదనం చూడటానికి, ఒకటి నీళ్లలో ఉప్పు చూడటానికి. గాజు గొట్టాన్ని వెలుతురుకి ఎత్తి, ఒక కన్ను మూసి, గీత చదివి చెప్పేవారు. లారీ డ్రైవర్లు ఆ మాట మీదే హైదరాబాదు దాకా వెళ్లిపోయేవారు. షాపు వెనక ఆయన తొట్టి, అందులో నారింజ రంగు మీద తెల్ల పట్టీలున్న రెండు చేపలు. ఎనిమిదేళ్లుగా పెంచుతున్నారు.

“పెద్దది ఆడది, చిన్నది మొగుడు. ఎవరి మాట నెగ్గుతుందో చూశావా?” అన్నారు మొదటి రోజే.

“మా ఇంట్లోనూ ఇంతేనండీ.”

“అయితే నీకు అర్హత ఉంది. పద, నీ తొట్టి చూద్దాం.”

కొట్టుకొచ్చి ఆ నల్ల ఇసుక గుప్పెడు తీసి వాసన చూశారు. నేను మొహం తిప్పుకున్నాను. “చచ్చిపోలేదయ్యా నాగేశూ. ఊపిరాడక పడి ఉంది, అంతే” అన్నారు. ఇసుకలో కంటికి కనిపించని ప్రాణులుంటాయనీ, చేపల మలినాన్ని తినేవి అవేననీ, అవి లేకపోతే చేప తన నీళ్లలోనే విషం తాగి పోతుందనీ చెప్పారు. నాలుగో వంతు ఇసుక ఉంచి మిగతాది పారేయమన్నారు. ఉంచినదాన్ని ఉప్పునీళ్లలో రెండుసార్లు తిప్పి వంచేయమన్నారు. “మురికి మిగిలితే మిగలనీ. కుళాయి నీళ్లు మాత్రం చుక్క తగలకూడదు, ఆ ప్రాణులు చస్తాయి.” మర్నాడు తన తొట్టిలోంచి ఒక గిన్నెడు ఇసుక తెచ్చి ఇచ్చారు. “పాలకి తోడు లాంటిది ఇది. దీంట్లోంచి అంతా పుడుతుంది.”

నేను ఏం చేశానో చెబుతాను. రెండు బకెట్ల ఉప్పునీళ్లు కలిపాను. రెండింటిలోనూ నీళ్లు నల్లగానే దిగాయి. అక్కడ ఆపాలి. కానీ నేను పెరిగింది కాలవ గట్టున. అద్దిన బట్టని పారే నీళ్లలో జాడిస్తుంటే, “ఇంకా, ఇంకా” అని మా నాన్న ఒడ్డు మీద నుంచి అరిచేవాడు. నీళ్లు తేటపడితేనే పని అయినట్టు. మళ్లీ ఉప్పు కలపడానికి బద్ధకించి కుళాయి విప్పాను. పది బకెట్లు పోశాను. ఆయనిచ్చిన గిన్నెడు ఇసుకా అందులోనే కలిసిపోయింది. చివరికి నీళ్లు అద్దంలా వచ్చాయి. ఇసుక మల్లెపువ్వులా మెరిసింది. నేను గర్వపడ్డాను కూడా.

మర్నాడు షాపుకి వెళితే, “ఉప్పునీళ్లతోనే కడిగావుగా?” అని అడిగారాయన.

“ఉప్పునీళ్లేంటండీ, ఏకంగా సముద్రపు నీళ్లే! మంగినపూడి నుంచి మూడు డ్రమ్ములు తెప్పించాను. మధ్యలో డ్రమ్ములోంచి పీత ఒకటి బయటికొచ్చి డ్రైవరు బొటనవేలు పట్టుకుంటే ఉయ్యూరు దాకా వదల్లేదట.”

ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు. పీతని నమ్మలేదు గానీ నీళ్లని నమ్మారు.

మూడు వారాలకి ఆయనకి కంటిశుక్లాల ఆపరేషను కుదిరింది. మైలవరంలో కూతురి దగ్గర కొన్నాళ్లు ఉండాలి, వంగకూడదు, చేతులు తడపకూడదు. అదే సమయానికి ఆయన తొట్టి అతుకు వదిలి కారడం మొదలుపెట్టింది. రెండు చేపల్నీ నాకు అప్పగించడానికి తీసుకొచ్చారు. ఇంకా చేపలు వేయని నా తొట్టి నీళ్లలో ఉప్పు చూశారు. గొట్టాన్ని ఎత్తి, దించి, మళ్లీ ఎత్తి చూసి, సరిగ్గా ఉందన్నారు. తర్వాత అద్దానికి ముక్కు ఆనించి, “ఇసుక ఇంత తెల్లగా కనిపిస్తోందేంటయ్యా? నా కంటి మసకేనా?” అన్నారు.

“మసకేనండీ” అన్నాను.

నాలుగో రోజుకి రెండు చేపలూ నీటి పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. ముందు చిన్నది పోయింది. పెద్దది ఒక పూటంతా దాని చుట్టూ తిరిగి, మర్నాడు అదీ పోయింది. ఆయన షాపు నుంచి హైడ్రోమీటరు తెచ్చి నేనే చూశాను. ఉప్పు గీత ఆయన చెప్పినచోటే ఉంది. అప్పుడు ఆ తెల్లటి ఇసుక వంక చూడలేకపోయాను.

మైలవరానికి ఫోను చేశాను. చేపలు రెండూ పోయాయని ఆయనకి చెప్పాను. “ఇసుక నువ్వు సముద్రపు నీళ్లలోనే కడిగావు. అయితే గీత నేనే తప్పు చదివానన్నమాట” అన్నారు. ఆ మాటకి కాదని చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. జీవితంలో ఎప్పుడూ మాటకి తడుముకోని నేను, “ఏమోనండీ” అని ఊరుకున్నాను.

కట్టు విప్పాక ఆయన చేసిన పని ఆటోనగరంతా చెప్పుకున్నారు. కళ్లు మసకగా ఉన్న నెలల్లో తను చూసిన బ్యాటరీలవాళ్లందరి దగ్గరికీ నడిచి వెళ్లారు. “తప్పు చదివుంటాను బాబూ, ఓసారి మళ్లీ చూడనీ” అని అడిగి చూశారు. “నువ్వు తప్పు చదవడమేంటి బాబాయ్!” అని వాళ్లు నవ్వారు. ఒక్కటీ తప్పు రాలేదు. అయినా షాపు అల్లుడికి అప్పగించేసి మైలవరం వెళ్లిపోయారు. కారుతున్న తొట్టిని అతికించుకోలేదు.

ఏడాది పట్టింది నాకు. ఒక మధ్యాహ్నం మైలవరం వెళ్లి, ఆయన ఎదురుగా కూర్చుని, కుళాయి దగ్గర నుంచి తెల్లటి ఇసుక దాకా ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన శ్రద్ధగా విన్నారు. నా భుజం తట్టారు.

“బాగా అల్లావయ్యా. నా మనసులో బాధ తీయాలని ఇంత దూరం వచ్చావు.”

“ఒట్టండీ, నిజం!”

“నీ కథలు నాకు తెలీవా? ప్రతి దాంట్లో నువ్వో మీ ముత్తాతో మొనగాడు. ఇందులో నువ్వు ఒక్క మంచి పనీ చెయ్యలేదు. ఇంత చెడ్డగా నిన్ను నువ్వు చెప్పుకున్నావంటే అది నా కోసం కాక ఇంకెందుకు?”

ఆయన భార్య కాఫీ తెచ్చింది. “ఆ పీత సంగతి చెప్పు, ఈవిడ వినలేదు” అన్నారు. చెప్పాను. ఏం చెయ్యను? ఉయ్యూరు దాకా వదల్లేదన్నాను. ఇద్దరూ నవ్వారు. వచ్చేటప్పుడు ఉప్పు చూసే హైడ్రోమీటరు నా చేతిలో పెట్టి, “ఇంక నాకెందుకిది, కళ్లున్నవాడి దగ్గర ఉండాలి” అన్నారు. ఆ పైఏడు ఆయన పోయారు, గీత తప్పు చదివానన్న నమ్మకంతోనే.

చీరల దగ్గర ఇప్పటికీ కథలు చెబుతాను. ఆ రోగం పోలేదు. తొట్టి దగ్గర మాత్రం చెప్పను. ఇసుక కడిగినప్పుడు ఉప్పునీళ్లలో రెండుసార్లు తిప్పి, నీళ్లు నల్లగా ఉండగానే ఆపేస్తాను. చేతులు ఇంకా, ఇంకా అంటూనే ఉంటాయి. తర్వాత ఆయనిచ్చిన గాజు గొట్టాన్ని వెలుతురుకి ఎత్తి, ఒక కన్ను మూసి, గీత ఎక్కడుందో పైకే చదువుతాను. మా ఆవిడ “ఎవరితో మాట్లాడుతున్నారు?” అని ముందు గదిలోంచి అరుస్తుంది. ఆయన సరిగ్గానే చదివారు. ప్రతి ఆదివారం అదే చెబుతున్నాను.