అద్దం కట్టించిన ఉత్తరం

మా నాన్న మ్యాన్‌హోల్లోకి దిగి, ఊపిరాడక అందులోనే పోయాడు. మూడో రోజున మేయరు మా క్వార్టర్సుకు వచ్చాడు. ఎర్రజెండాల రాజ్యమే అయినా, శ్రీకాకుళం నుంచి వచ్చి కలకత్తా మురికి ఎత్తే మా గుమ్మం అంతకుముందు ఏ మేయరూ తొక్కలేదు. నాన్న మంచం మీదే కూర్చుని అక్కడికక్కడే ఉత్తరం రాసిచ్చాడు, భర్త ఉద్యోగం ఈమెకు ఇవ్వమని. ఉద్యోగం వస్తేనే మాకా గది ఉంటుంది.

బెంగాలీ బడిలో చదివేదాన్ని కనుక ఉత్తరం నేనే చదివి చెప్పాను. కార్పొరేషను ఆఫీసులో గుమస్తా అసలు కాగితమే కావాలన్నాడు. అమ్మ వెనక్కి తెచ్చేసింది.

"ఇచ్చీస్తే మన దగ్గిర ఏటుంతాదే? ఆడు పారీసుకుంటే?"

ఏడాది తిరక్కుండానే ఆ మేయరు ఎంపీగా గెలిచి ఢిల్లీలో మంత్రయ్యాడు. అమ్మ సంబరం ఇంతా అంతా కాదు.

"మేయరప్పుడే రాసిచ్చినాడు. ఇప్పుడీ కాయితానికి ఇంకెంత ఇలువే!" అని అద్దం కట్టించమంది. దేవుడి పటాలు కట్టే కొట్టుకు తీసుకెళ్లింది నేనే. బంగారు రంగు అంచు కూడా వేయించాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఈలోగా గది ఖాళీ చెయ్యమని నోటీసు వచ్చింది. మంత్రిగారు ఢిల్లీ రైల్లో దిగుతున్నాడని తెలిసి, లాంచీ ఎక్కి హౌరా స్టేషనుకు వెళ్లాం. దండలు, శాలువాలు, నినాదాలు. ఆ తోపులాటలో అమ్మ ఎలా దూరిందో, పటం ఆయన చేతికే అందించింది. ఆయన నవ్వుతూ రెండు చేతులా అందుకున్నాడు. ఒక్క అక్షరమైనా చదవలేదు. సన్మానపత్రం అనుకున్నాడు. ఫొటోవాళ్ల వైపు తిప్పి పట్టుకుని, వెనకున్న మనిషికి ఇచ్చేసి, మరొకరి శాలువాకు మెడ వంచాడు.

"దాదా, అది మా ఉద్యోగం ఉత్తరం!" అని బెంగాలీలో అరిచాను. ఎవరికీ వినపడలేదు. కారు వెళ్లిపోయింది.

తిరుగు లాంచీలో అమ్మ మొహం వెలిగిపోతోంది. "సేత్తో పుచ్చుకున్నాడే! మన పని అయిపోయినట్టే."

ఆమెను అలా చూస్తుంటే నాకు ఏడుపొచ్చింది. మొహం నీళ్ల వైపు తిప్పుకున్నాను.

గదికి తాళం వెయ్యడానికి మనుషులు వచ్చినప్పుడు కూడా అమ్మ కంగారు పడలేదు. "మంత్రిగారి కాడ మా కాయితముంది, అడగండి బాబూ" అని వాళ్లకే ధైర్యం చెప్పింది. నేను వెనక నిలబడి సామాను మూట కట్టాను.