కోటమ్మ కోటు ఎక్కడ కారింది

పుట్టినప్పుడు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, అది ఇప్పుడు ఆమెకే గుర్తుచేయాలి. మోటారుసైకిళ్ళ మీద తిరిగేవాళ్ళకు రెయిన్‌కోట్లు కుట్టీ కుట్టీ కోటమ్మ అయిపోయింది. ఇన్నేళ్ళూ కోట్లు కుట్టింది కానీ కోట్లు కూడబెట్టిన పాపాన పోలేదు. ఈ ముక్క ఆమె భర్త రోజుకొకసారైనా అంటాడు. మొదటిసారి అన్నప్పుడు ఆమె నవ్వింది, అదే పొరపాటైంది.

కొట్టు చిన్నది. రెండు మిషన్లు, బట్ట కత్తిరించే బల్ల, గోడ నిండా వేలాడే జతలు. కోటంటే పైదీ, కింద ప్యాంటూ కలిపి ఒక జత. సూది పడ్డ ప్రతి బెజ్జంలోంచీ నీళ్ళు దూరతాయి కాబట్టి, లోపలివైపు కుట్టు పొడుగునా టేపు పెట్టి ఇస్త్రీ పెట్టెతో అతికిస్తుంది. అయినా నమ్మదు. తయారైన ప్రతి జతనూ భర్తకు తొడిగి, డాబా మీది నీళ్ళ గొట్టం కింద నిలబెడుతుంది.

"కదలకండి. నిటారుగా నిలబడండి."

ఆయన గుమాస్తా పని చేసి రిటైరైన మనిషి. అధికారి ముందు కూడా ఇంత బుద్ధిగా నిలబడలేదని గొణుక్కుంటూ నిలబడతాడు. బయటికొచ్చి పొడి చొక్కా చూపిస్తే గానీ ఆ జత గోడెక్కదు. కొట్టు బోర్డు మీద కొట్టు పేరు కంటే పెద్ద అక్షరాల్లో ఉంటుంది: చుక్క నీరు చొరదు.

ఆ మాటకు మొదటి దెబ్బ సొంత అల్లుడి చేతిలోనే తగిలింది.

అల్లుడు మందుల పార్సిళ్ళు బండి మీద ఊరూరా అందిస్తాడు. పొద్దున బయల్దేరితే సాయంత్రం దాకా రోడ్డే. మహా మొహమాటస్తుడు, అత్తగారి ముందు గట్టిగా తుమ్మడు కూడా. అలాంటివాడు వానలు మొదలైన కొత్తలో ఒక సాయంత్రం కొట్టుకొచ్చి, విప్పిన జత భుజాన వేసుకుని, హెల్మెట్ నడుం ముందు పట్టుకుని నిలబడి, "అత్తయ్య గారూ, మరేం లేదు, కోటు కొంచెం కారుతోందండీ" అన్నాడు. అప్పుడు కొట్లో కొనడానికొచ్చిన వాళ్ళు నలుగురున్నారు.

కోటమ్మకు తల కొట్టేసినట్టయింది.

"ఎక్కడ కారుతోంది బాబూ?"

"అదే... లోపల."

"లోపలంటే? మెడ దగ్గరా? భుజమా? చంకలోనా?"

అల్లుడు పైకప్పు వంక చూశాడు. తర్వాత ఫ్యాన్ వంక చూశాడు. కాసేపు నీళ్ళు నమిలి, "ఊరికే చెప్పానండీ, పర్లేదు" అన్నాడు.

ఆ పర్లేదుతో ఆమెకు ఒళ్ళు మండింది. "ఎక్కడ కారిందో చెప్పలేరు గానీ కారిందంటారా? గుండీలు మీరు పెట్టుకోరు, అబద్ధం తెచ్చి నా కోటు మీద పెడతారు!" అంది, నలుగురూ వింటుండగానే.

అల్లుడు కోటు జత బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు. కూతురు ఒక్కతే వచ్చి ముళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చుని వెళ్ళేది. "ఆయన నిజంగానే తడిశారమ్మా" అంది ఒకసారి. "మరి ఎక్కడో నువ్వైనా చెప్పు" అంటే నోరు తెరిచి, ఏదో గుర్తొచ్చినట్టు మూసేసుకుంది.

కోటమ్మ ఆ జతను భర్తకు తొడిగి, ఆయనకు తుమ్ములొచ్చేదాకా గొట్టం కింద నిలబెట్టింది. చుక్క దిగలేదు. తనే తొడుక్కుని వానలో నడుచుకుంటూ ఊరంతా ఒక చుట్టు చుట్టింది. చుక్క దిగలేదు. అయితే అల్లుడే అబద్ధమాడాడన్నమాట. కానీ ఆ మొహం అబద్ధమాడే మొహం కాదని ఆమెకు తెలుసు. అదే ఆమెను తినేసింది. అబద్ధం ఎవరిది? కోటుదా, అల్లుడిదా? తేలకపోతే ఆ బోర్డు కింద కూర్చుని కుట్టడమూ కుదరదు, కూతురి మొహం చూడడమూ కుదరదు.

"అల్లుడు గారు రోజంతా వానలో తిరుగుతారు. నేను గొట్టం కింద పరీక్షలు పెడితే ఏం తెలుస్తుంది?" అంది ఒక పొద్దున. "ఈ చివర సముద్రం దగ్గర బయల్దేరి, దేశం ఆ చివర కొండల దాకా వానలోనే వెళ్తాను. కోటు కారితే బోర్డు దింపేసి, ఆయన ముందు తల దించుకుంటాను. కారకపోతే ఆయనే వచ్చి ఆ మాట వెనక్కి తీసుకోవాలి."

భర్త వెంటనే బ్యాగు సర్దుకోబోయాడు. "నేనూ వెనక కూర్చుంటాను."

"మీరు వెనక కూర్చుంటే నా వీపెలా తడుస్తుందండీ?"

బండి ఆమెకు కొత్త కాదు. కుట్టిన మూటలు దుకాణాలకు వేయడానికి ఎప్పుడో నేర్చుకుంది, కాకపోతే ఊరు దాటించలేదు. అల్లుడు వదిలేసిన జతే వేసుకుని, ప్యాంటు కాళ్ళు రెండు మడతలు పైకి మడిచి, భర్త చేతులూపుతుండగా వానలోకి వెళ్ళిపోయింది.

వెళ్ళింది పంతం మీద గానీ, రోడ్డెక్కాక పంతం సగం మర్చిపోయింది. ఇన్నేళ్ళుగా వాన ఆమెకు గొట్టంలోంచి పడే నీళ్ళే. అసలు వాన ఇన్ని రకాలని ఎవరూ చెప్పలేదు. ఒకటి ఎదురుగా వచ్చి మొహాన కొట్టేది, ఒకటి పక్కనుంచి చెవిలో దూరేది, ఒకటి ఎండతో కలిసొచ్చి రోడ్డంతా మెరిపించేది. హెల్మెట్ లోపల ఆమె గొంతెత్తి పాడింది. ఆమె పాట ఇంట్లో ఎవరూ భరించరు. ఇక్కడ అడ్డెవరు?

గంటకోసారి ఆగి, కోటు లోపల చెయ్యి పెట్టి మెడ, భుజాలు, చంకలు తడుముకునేది. పొడి. పెట్రోలు బంకుల్లో అందరిదీ ఒకటే ప్రశ్న. "ఒక్కరే ఎక్కడికమ్మా ఈ వానలో?"

"కోటు ఎక్కడ కారుతుందో చూడ్డానికి."

ఇక రెండో ప్రశ్న ఎవరూ వేసేవారు కాదు.

సగం దేశం దాటినా చుక్క దిగలేదు. గెలుస్తున్నానని సంబరపడాలి కదా, పడలేకపోయింది. గెలిస్తే అల్లుడు అబద్ధాలకోరవుతాడు. అలాంటివాడితో కూతురు కాపురం చేయాలి. ఓడితే ఇన్నేళ్ళ బోర్డు పోతుంది.

ఒకరోజు పొద్దున్నుంచీ కుండపోత. ఆగుదామంటే పెద్ద చెట్టు లేదు, కొట్టు లేదు, రోడ్డుకు రెండు పక్కలా నీళ్ళే. ఆపకుండా తోలుతూనే ఉంది. మధ్యాహ్నం దాటాక ఉన్నట్టుండి, చెప్పుకోరాని చోట చల్లగా తగిలింది.

వయసు మీద పడుతోంది కదా, తన వల్లే ఏదో జరిగిపోయిందనుకుంది. ఒక బస్సు షెల్టరు కనిపిస్తే గబగబా ఆపి చూసుకుంది. తన వల్ల కాదు. వాన నీళ్ళే. ప్యాంటు నాలుగు ముక్కలూ, నాలుగు కుట్లూ కలిసే ఆ ఒక్క చోట టేపు ఊడి పెదవిలా విచ్చుకుంది.

ఆమె మళ్ళీ వానలోకెళ్ళి బండెక్కి కూర్చుని కిందికి చూసింది. గుండెల మీద పడ్డ వాన జారి జారి ఒడిలో చేరుతోంది. రెండు తొడల మధ్య చిన్న గుంటలా నిలుస్తోంది. పొద్దున్నుంచీ ఇలాగే నీళ్ళు అక్కడే కూర్చుని కుట్టును నానబెట్టాయి.

నిలబడ్డ మనిషికి ఒడెక్కడుంది! ఇన్నేళ్ళూ భర్తను నిటారుగా నిలబెట్టి పరీక్ష చేసింది. బండి మీద నిలబడి వెళ్ళేదెవరు?

సిగ్గేసింది. ఇంతమందిని తడిపానని బాధేసింది. దొరికిందన్న సంతోషం ఆ రెంటినీ మించి వచ్చి, ఖాళీ షెల్టరు ముందు పకపకా నవ్వేసింది.

కొంచెం దూరంలో టీ కొట్టు కనిపించింది. బండి దిగి, చూరు కింద జత విప్పి నాలుగడుగులు వేశాక, లోపలి బట్టలు ఎక్కడ తడిశాయో గుర్తొచ్చి, హెల్మెట్ తీసి నడుం ముందు పట్టుకుంది. లోపల అప్పటికే ఐదారుగురు మగవాళ్ళు బండ్లు ఆపి, కోట్లు విప్పి టీ తాగుతున్నారు. ఒక్కరూ కూర్చోలేదు. అందరి హెల్మెట్లూ నడుం ముందే ఉన్నాయి.

వానాకాలంలో తన కొట్టుకొచ్చే మగవాళ్ళంతా ఇలాగే నిలబడేవాళ్ళు. తనంటే గౌరవమనుకుంది! ఆ సాయంత్రం అల్లుడూ ఇలాగే నిలబడ్డాడు. పాపం, అత్తగారికి ఏ నోటితో చెప్తాడు? నలుగురి ముందు అబద్ధాలకోరు అనిపించుకున్నాడు గానీ నోరు విప్పలేదు. కోటమ్మకు కళ్ళు చెమర్చాయి. ఆ మనిషిని అంత మాట అన్నాను కదా అనుకుంది.

టీ సగంలోనే వదిలేసి ఫోను తీసింది.

"అల్లుడు గారూ, నేనే. తప్పు నాదే బాబూ. మీరన్నదే నిజం. కోటు కారింది. ఇంటికి రాగానే బోర్డు దింపేస్తాను."

అల్లుడు మెల్లగా అన్నాడు. "బోర్డెందుకండీ దించడం? ఆ కుట్టొక్కటి మారిస్తే చాలు కదా. ఇంతకీ... ఎక్కడ కారిందండీ అత్తయ్య గారూ?"

కోటమ్మ నోరు తెరిచింది. చుట్టూ హెల్మెట్లు పట్టుకున్న మగవాళ్ళను చూసింది. టీ కొట్టు పైకప్పు వంక చూసింది.

"అదే... లోపల."

అటునుంచి ఏదో కిందపడ్డ చప్పుడు, తర్వాత ఉక్కిరిబిక్కిరయ్యే నవ్వు. ఆ నోట్లోంచి అంత పెద్ద నవ్వు వస్తుందని ఆమె ఎరగదు. ఇంతలో కూతురు ఫోను లాక్కుంది.

"అమ్మా, ఏమన్నావే? ఈయన నేల మీద కూర్చుని నవ్వుతున్నారు!"

"నీకు ముందే తెలుసా ఎక్కడో?"

"తెలుసు. చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నారు. ముందు నువ్వేమన్నావో చెప్పు!"

"నేనేమంటానే?" అంది కోటమ్మ, హెల్మెట్ ఇంకాస్త గట్టిగా పట్టుకుని. "ఆయనన్నదే నేనూ అన్నాను."